తగ్గిన సంచులు

ఏప్రిల్ 21, సోమవారం

డీకే గది తలుపు ఈ రోజు మూతపడలేదు. నేను భుజంతో నెట్టాను, నా అసిస్టెంట్ విజయ్ కుమార్ బూటుకాలితో నెట్టాడు. లోపల పసుపు సంచులు కప్పును తాకుతున్నాయి. చివరికి గడియకు తాడు కట్టి వచ్చాం. తిరుపతి చుట్టుపక్కల ఇంత ఘనమైన చెత్తగది ఇంకెవరికీ ఉండదు.

మేనేజరు గిరిప్రసాద్ గారు చూడటానికి వచ్చారు. ఆయనకు బిల్లు తప్ప ఏదీ రెండోసారి గుర్తుండదు, అందుకని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. థైరాయిడ్ క్యాన్సర్ వాళ్ళకు రేడియో అయోడిన్ ఇస్తాం. అది వాళ్ళ చెమటలో, ఎంగిలిలో బయటికి వస్తుంది. అందుకే రెండు మూడు రోజులు విడిగా ఉంచుతాం, వాళ్ళు తాకినవన్నీ సంచుల్లో కడతాం. అయోడిన్ ఎనిమిది రోజులకు సగమవుతుంది, మరో ఎనిమిది రోజులకు ఆ సగంలో సగం. మూడు నెలలు కదలకుండా పడి ఉంటే ఆ సంచి మామూలు చెత్త. అలా పడి ఉండేదానికే ఈ డీకే గది.

“ఊరికే కూర్చోబెట్టేదానికి ఒక గదా?” అన్నారు.

“ఊరికే కూర్చోవడమే దానికి మందు సార్.”

ఆయన నవ్వలేదు. “ఇనమ్మా రాజశ్రీ. మనకు రెండు మంచాలుండాయి. నగరి నుంచి, సత్యవేడు నుంచి జనం నెలల కొద్దీ కాసుకోనుండారు. నాలుగు మంచాలు అడిగితే పైవాళ్ళు ముందు సూసేది ఈ గదినే. ఇంకో గది కట్టేదానికి జాగా లేదు. నువ్వు సంచులు తగ్గించు, మిగతాది నేను సూసుకుంటా.”

తగ్గిస్తానన్నాను. నా తలుపు మీద రేడియేషన్ భద్రత అధికారి అని రాసి ఉంది. అంటే ఇన్నాళ్ళూ నేను సంచులకు కాపలాదారుని అన్నమాట. ఇప్పుడైనా ఒక పని దొరికింది.

ఏప్రిల్ 24, గురువారం

వార్డు వాళ్ళకు క్లాసు చెప్పాను. మూడు మాటలే. కాగితం ప్లేట్లు వద్దు, స్టీలు కంచాలు. ప్రతి వస్తువునూ రేడియేషన్ మీటర్‌తో చూసి, కూతపెడితేనే సంచిలోకి. కట్టిన సంచిని కొత్త ప్రెస్‌లో పెట్టి నొక్కాలి.

ఒక పేషెంటు తిన్న కంచం తెచ్చి మీటర్ పెట్టాను. టకటకా కొట్టుకుంది. ప్రత్యేకమైన సింకులో రెండుసార్లు కడిగి మళ్ళీ పెట్టాను. గప్‌చుప్. అందరూ చప్పట్లు కొట్టారు. గారడీవాడికి కూడా అన్ని చప్పట్లు పడవు.

ఆయా నాగరత్నమ్మ ముందు వరసలో కూర్చుంది. “అంటే కడిగితే పోతాదామ్మా?”

“పోతుంది నాగరత్నమ్మా.”

“మంచిది. మంచి వస్తువు పారేయాలంటే నాకు చేతులు రావు.”

“అదే నేను చెప్పేది. పారేయక్కర్లేనిది సంచిలో వేయొద్దు.” ఈ మాట అందరి చేత రెండుసార్లు చెప్పించాను.

మే 30, శుక్రవారం

తలుపు మూతపడుతోంది.

జూన్ 19, గురువారం

రెండు గీతలు.

మా ఆయన గుణకు చెప్పాను. శ్రీ సిటీలో షిఫ్టులో ఉన్నాడు, మెషీన్ల హోరులో వినపడక మూడుసార్లు అరవాల్సి వచ్చింది. పక్కన ఎవరో నవ్వారట. అత్తకు తనే ఫోన్ చేసి చెప్పేశాడు. ఇంటికి వచ్చేసరికి ఆమె పొయ్యి దగ్గర కళ్ళు తుడుచుకుంటోంది.

రూలు నాకు తెలుసు, ఆసుపత్రిలో ఆ కాగితం అంటించింది నేనే. గర్భవతి అయిన ఉద్యోగి వెంటనే తెలియజేయాలి. చెప్పిన రోజే నన్ను ఈ పని నుంచి తీసి ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారు. ఆగస్టులో నాలుగు మంచాల కోసం పైవాళ్ళ ఇన్‌స్పెక్షన్. విజయ్ కుమార్ పోయి వాళ్ళ ముందు నిలబడి నా సంచుల కథ చెబుతాడు. అతను మంచివాడే, కానీ కథ నాది.

ముందు రెండుసార్లూ మూడో నెల దాటలేదు. ఈసారి దాటనీ, అప్పుడు చెబుతాను. నేను గదిలోకి ఎక్కువగా వెళ్ళడం లేదు. ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జిలో లెక్క చాలా తక్కువ వస్తోంది. భయపడాల్సింది లేదు.

జూలై 11, శుక్రవారం

సంచులు సగానికి పైగా తగ్గాయి. గిరిప్రసాద్ గారు మీటింగు పెట్టారు. నాకు పూలగుత్తి, వార్డు వాళ్ళకు మైసూరుపాకు, నాగరత్నమ్మకు శాలువా. అందరికన్నా ఆమె బాగా పని చేస్తుందని నేనే పేరు చెప్పాను. శాలువా కప్పితే ఆమె తల వంచుకుంది, ఫొటోలో ముఖమే పడలేదు.

ఒకటి మాత్రం నేననుకున్నట్టు కాలేదు. ఎక్కువ చోటు తినేది గుడ్డలని లెక్క వేశాను. పాత బట్టలే తెచ్చుకోండి, ఇక్కడే వదిలేయాల్సి వస్తుంది అని పేషెంట్లకు మేమే చెబుతాం. వాళ్ళు చీరలు, పంచెలు వదిలిపోతారు. మీటర్ పెట్టాలి, సంచిలో కట్టాలి. ఈ నెల గుడ్డల సంచులు దాదాపు లేవు. ప్రెస్ బాగా నొక్కుతున్నట్టుంది.

మీటింగు అయ్యాక నాగరత్నమ్మ నా దగ్గరికొచ్చి నా ముఖంలోకి చూసింది. “ఎన్నో నెలమ్మా?” అంది మెల్లగా.

నేను గతుక్కుమన్నాను. “ఎవరు చెప్పారు?”

“సెప్పాల్నా. మైసూరుపాకు దగ్గరికి తెస్తే ముఖం తిప్పుకున్నావు. నేను ఎవురికీ సెప్పను లే. మా కూతురు స్రవంతికి గూడా పోయిన వారమే కాన్పయింది, ఆడబిడ్డ. పుత్తూర్లో మాయింట్లోనే ఉండారు తల్లీబిడ్డా.”

ఆగస్టు 3, ఆదివారం

నాగరత్నమ్మ రైలెక్కి మా ఇంటికి వచ్చింది. చంకలో మూట. అత్త కాఫీ ఇచ్చింది. మూట విప్పితే మెత్తటి పాతగుడ్డలు, చీరలవీ పంచెలవీ, అంచులు కత్తిరించి చదరాలుగా చింపినవి. ఎండలో ఆరిన వాసన.

“ఇప్పట్నుంచే ఎందుకు నాగరత్నమ్మా?” అన్నాను. నాకు భయం. ఏదీ ముందుగా కూడబెట్టకూడదని నాకు ఒట్టు.

“కొత్తవి కొనగూడదు గానీ పాతగుడ్డ ఉంటే ఏం గాదమ్మా. పుట్టిన బిడ్డకు ఒంటి మీద మొదట పడాల్సింది పాతగుడ్డే. కొత్తది గరుకు, బిడ్డకు ఒళ్ళు కందుతాది. ఇవి ముత్తైదువులు కట్టిన చీరలు, రోగం గెలిచిన వాళ్ళవి. సత్తవ ఉంటాది. ఆరు నీళ్ళు పెట్టి ఉతికినా. మా స్రవంతి బిడ్డకు గూడా ఇవే. హాయిగా నిదరపోతాది.”

అత్తకు కన్నీళ్ళొచ్చాయి. మా అత్త జ్ఞానాంబ అంటే ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదని వీధిలో పేరు. ఆమే ఆ గుడ్డలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటీ మడత పెట్టింది. ఊదా చుక్కలున్న ఒక గుడ్డను చెంపకు ఆనించుకుంది. “వెన్నలాగ ఉండాది,” అంది.

నేను ఏమీ ఆలోచించలేదు. నిజంగానే. ఆ మాటలు విన్నాను, రోగం గెలిచిన వాళ్ళవి అన్న మాట కూడా విన్నాను. కడుపులో తిప్పుతూ ఉంది, నిమ్మకాయ కోసం వంటింట్లోకి పోయాను.

ఆగస్టు 6, బుధవారం

దేవకమ్మ స్కాన్‌కి వచ్చింది. సత్యవేడు ఆమె, పోయిన వారం మా మంచం మీద ఉంది. స్కాన్ అయ్యాక నా గది ముందు నిలబడింది.

“మేడం, నేను ఇడిసిపెట్టిన ఊదా చుక్కల చీర ఉండాది గదా. అది మాయమ్మది. ఆమె పోయినాక నాకు మిగిలింది అదే. పాతబట్టలే తెమ్మన్నారని కట్టుకోనొచ్చినా. మూడు నెల్లు కాదు, ఆరు నెల్లయినా కానీ, పారేయకుండా పెట్టండి.”

పెడతానన్నాను. డీకే గదిలో ఆమె పేరున్న సంచి విప్పాను. గ్లౌజులు, దూది, కాగితం. గుడ్డ పేలిక కూడా లేదు. పక్క సంచి విప్పాను. దాని పక్కది విప్పాను.

ఊదా చుక్కలు ఎక్కడ చూశానో గుర్తొచ్చింది. అక్కడే ఆ సంచుల మధ్య కూర్చోకూడదని నాకు తెలుసు, అయినా కూర్చున్నాను.

తలనొప్పి అని విజయ్ కుమార్‌కి చెప్పి, మీటర్ బ్యాగులో వేసుకుని ఇంటికి వచ్చాను. అత్త నిద్రపోతోంది. బీరువా తెరిచి మూట ముందు మీటర్ పెట్టాను. పై గుడ్డలు నిశ్శబ్దం. మధ్యలోవి కొంచెం. ఊదా చుక్కలది మోగింది. ఇంట్లో, మా బీరువాలో, గుణ పెళ్ళి పట్టుపంచె పక్కన.

గ్లౌజులు వేసుకున్నాను. మూటను రెండు సంచుల్లో కట్టాను. అరను తుడిచాను, మీటర్ పెట్టాను, మళ్ళీ తుడిచాను. అత్త చేతుల మీద మీటర్ పెట్టి చూశాను, ఏమీ లేదు. ఆమె లేచి “ఏందే ఇది?” అంది. బొద్దింకలు పట్టాయి, ఆసుపత్రిలో వేడి మిషన్‌లో పెట్టి తెస్తానన్నాను. నా మెడ దగ్గర మీటర్ పెట్టుకున్నాను. ఏమీ లేదు. పొట్ట దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. గంటలో మూటను స్కూటర్ మీద తెచ్చి డీకే గదిలో పెట్టేశాను.

నా బిడ్డకు ఏమీ కాలేదు. దేవుడా, ఏమీ కాలేదు.

ఆగస్టు 7, గురువారం

నాగరత్నమ్మతో మాట్లాడాను. గుడ్డలన్నీ సంచిలోనే వేయాలి, ఒక్కటి కూడా బయట ఉండకూడదు అన్నాను. ఎందుకో చెప్పలేదు. “అట్లే అమ్మా,” అంది. కారిడార్‌లో జనం ఉన్నారు. అది మాట్లాడే చోటు కాదు.

లెక్క వేశాను. ఆమె ఇంట్లోవి ఎక్కువగా పాతవి. మే, జూన్ నాటివైతే ఇప్పటికి దాదాపు ఏమీ ఉండదు. ఆరుసార్లు ఉతికింది. నాగరత్నమ్మ ఉతుకు నాకు తెలుసు, బండకు వేసి కొడుతుంది. దేవకమ్మ చీర ఒక్కటే కొత్తది, అది మా ఇంటికి వచ్చింది. అంటే వాళ్ళింట్లో లేదు.

లెక్క ప్రకారం భయం లేదు.

స్రవంతికి ఫోన్ చేసి, పాపకు కొత్త గుడ్డలు వాడు అని చెబుదామా అనుకున్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి. సోమవారం ఇన్‌స్పెక్షన్. మంగళవారం నేనే పుత్తూరు పోతాను. నాలుగైదు రోజుల్లో ఏమవుతుంది?

గుడ్డల సంచులు ఎందుకు తగ్గాయో ఇప్పుడు తెలిసింది. పాపం, ప్రెస్‌ను అనవసరంగా పొగిడాను.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. అత్త నా చేత పూజ చేయించింది. ముత్తైదువలకు పసుపు రాశాను. పొద్దున నుంచీ ఒక్క మాట కూడా చెవికెక్కలేదు. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని, అరవడానికి లేదు.

ఆ మూటను మళ్ళీ చూశాను. ఆసుపత్రికి సెలవైనా పోయి చూశాను. ఊదా చుక్కల గుడ్డలు ఒకదానికొకటి ఆనించి పరిచి చూస్తే సగం చీరే వచ్చింది. ఒకవైపు అంచు ఉంది, కొంగు లేదు.

కొంగు చిరిగిపోయి పారేసి ఉంటుంది. పాత చీర కదా.

మళ్ళీ లెక్క వేశాను. ఈసారి నిన్నటి కన్నా తక్కువ వచ్చింది. ఉతికిన నీళ్ళ లెక్క నిన్న సరిగా తీసుకోలేదు. లెక్క ప్రకారం భయం లేదు.

ఆగస్టు 9, శనివారం

నాగరత్నమ్మ పనికి రాలేదు. ఫోన్ చేశాను. “బిడ్డకు పాలు నిలవడం లేదమ్మా. తాగింది తాగినట్టు కక్కుతా ఉండాది. ఈడ డాక్టరమ్మ దగ్గర సూపించినాం. మందిచ్చింది.”

ఇది దానివల్ల కాదు. ఇంత తక్కువకు వాంతులు రావు, ఏ పుస్తకంలోనూ లేదు. పసిబిడ్డలు పాలు కక్కుతారు. అత్త కూడా అదే అంది, గుణ నెలబిడ్డగా ఉన్నప్పుడు రోజుకు రెండుసార్లు కక్కేవాడట.

ఇది దానివల్ల కాదు.

“కొంగు ఏం చేశావు నాగరత్నమ్మా?” అని అడగబోయి, పాపను జాగ్రత్తగా చూసుకో అని పెట్టేశాను.

కొంగు ఎవరూ పారేయరు. చీరలో గట్టిగా ఉండేది అదే. నాకు తెలుసు. నిన్ననే తెలుసు.

గిరిప్రసాద్ గారు సాయంత్రం వచ్చి నా ప్రెజెంటేషన్ చూశారు. తగ్గుదల చూపించే గీతను ఎర్ర రంగులో పెట్టమన్నారు, పెట్టాను.

ఆగస్టు 10, ఆదివారం

పొద్దున రైలుకు పుత్తూరు పోయాను. ఆడపడుచు ఇంటికని అత్తకు చెప్పాను. మీటర్ బ్యాగులో ఉంది, శబ్దం ఆపేసి పెట్టాను.

నాగరత్నమ్మ ఇల్లు స్టేషన్‌కి దగ్గరే. రెండు గదులు, ముందు రేకుల వసారా. నన్ను చూసి ఆమె పొంగిపోయింది. “నువ్వే వచ్చినావా తల్లీ, వాంతులతో ఉండి,” అని చాప వేసింది. స్రవంతి లోపలి నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. ముఖం పీక్కుపోయి ఉంది, కళ్ళ కింద నలుపు. పాప బాగానే ఉందని చెప్పింది, పొద్దున నుంచి కక్కలేదని.

“సూస్తావా అక్కా? ఇప్పుడే నిదరపోయింది.”

లోపల దూలానికి చీరతో ఏణె, అదే ఉయ్యాల, కట్టి ఉంది. ఊదా చుక్కలు, కొంగు కిందికి వచ్చేట్టు కట్టారు. పాప దాంట్లో ముడుచుకుని ఉంది, కొంగు అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ.

“ఏణెకు ఆ చీరే గట్టిగా ఉండాది,” అంది నాగరత్నమ్మ వెనక నుంచి. “పోయిన వారం శనివారం కట్టినా. దాంట్లో ఏస్తే సాలు, ఏడుపు ఆపుతాది.”

మీటర్ తీశాను. బిడ్డ వేడి చూసే మిషన్ అన్నాను. ఎంత సులభంగా వచ్చింది నాకు ఆ అబద్ధం. ఉయ్యాలకు దగ్గరగా పెట్టాను. శబ్దం లేదు కాబట్టి ముల్లు ఒక్కటే లేచింది. పాప మెడ దగ్గర పెట్టాను. చీరదా, పాపదా తెలియడం లేదు. పాపను ఎత్తి బయటికి తీసుకురమ్మన్నాను. వసారాలో, చీరకు దూరంగా, మళ్ళీ మెడ దగ్గర పెట్టాను.

ముల్లు కొంచెం లేచింది. కొంచెమే. కానీ లేచింది.

స్రవంతి నా ముఖం చూస్తోంది. “జ్వరం ఉండాదా?” అంది.

ఆ క్షణంలో కూడా లేదని చెప్పి, చీర మాత్రం తీసుకుని వెళ్ళిపోయే దారి ఒకటి ఉంది. చీరకు పురుగు పట్టిందనవచ్చు. నాకు ఆ అబద్ధం చెప్పడం వచ్చు, అత్తకు చెప్పాను. ఈసారి చెప్పలేదు. మీటర్ శబ్దం పెట్టాను. లోపలికి పోయి ఉయ్యాల పక్కన పట్టుకున్నాను. ఇల్లంతా టకటకా కొట్టుకుంది.

నాగరత్నమ్మకు ఆ శబ్దం తెలుసు. నాలుగేళ్ళుగా వింటోంది. చేతిలో గ్లాసు కింద పెట్టింది.

“ఉతికినా గదమ్మా,” అంది.

“గుడ్డలో ఇంకిపోతుంది నాగరత్నమ్మా. పూర్తిగా పోదు.”

“కడిగితే పోతాదని మీరే సెప్పినారు. అందరి ముందరా సెప్పినారు.”

“అది కంచాల గురించి.”

“గుడ్డ వేరే అని నాకెవురు సెప్పినారు? పారేసేది తగ్గించమన్నారు, తగ్గించినా. శాలువా కప్పినారు.” ఆమె గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది. తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. “ఈ చేతుల్తోనే కట్టినా ఏణె.” అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

స్రవంతి ఏమీ అర్థం కాక ఇద్దరినీ చూసింది. నేను చెప్పాను. అంతా చెప్పాను. అయోడిన్ అంటే ఏమిటో, గొంతులో ఎక్కడ చేరుతుందో, నెలబిడ్డకు ఎందుకు ఎక్కువ పట్టించుకోవాలో. వాంతులు దానివల్ల కాదని కూడా చెప్పాను, అది నిజమే. ఆమె పాపను గుండెకు అదుముకుని, నా నుంచి రెండడుగులు వెనక్కి వేసింది.

వసారాలో నిలబడి గిరిప్రసాద్ గారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

“మీటర్లో వచ్చింది ఎంత?”

చెప్పాను.

“తక్కువే గదమ్మా. ఆ చీర తీసకొచ్చి గదిలో పెట్టేయ్. రేపు వాళ్ళు వచ్చి పోనీ. మంగళవారం కూర్చోని మాట్లాడుకుందాం. రెండు రోజుల్లో ఏమవుతాది? లెక్క ప్రకారం భయమేం లేదు గదా?”

నా మాటలే. రోజుల లెక్క తప్ప ఏమీ మారలేదు.

“నేను ఈ రోజే రాసి పంపుతున్నాను సార్. బిడ్డను రేపు పొద్దున మన ఆసుపత్రికే తెస్తున్నాను. ఇంకొకటి. నేను గర్భవతిని. నాలుగో నెల. ముందే చెప్పాల్సింది.”

“ఇప్పుడు సెప్తావా ఇది?” అన్నారు. ఆ మాట ఒక్కటి మాత్రం ఆయన న్యాయంగానే అన్నారు.

చీరను, మిగతా గుడ్డలను సంచుల్లో కట్టాను. గోడలు, చాప, ఉతికే బండ అన్నీ చూశాను. నాగరత్నమ్మ లేచి, పాప కింద వేయడానికి తన శాలువా దులిపి తెచ్చింది.

సాయంత్రం ఇంటికి వచ్చి పైవాళ్ళకు రాసి పంపాను. గుడ్డల గురించి వార్డు వాళ్ళకు విడిగా చెప్పలేదని, ఆ తప్పు నాదని, నాగరత్నమ్మది కాదని రాశాను. అత్తకు, గుణకు నిజం చెప్పాను. అత్త నన్ను తిట్టలేదు. ఆ గుడ్డను చెంపకు ఆనించుకున్న చోట చేయి పెట్టుకుని కూర్చుంది.

ఆగస్టు 11, సోమవారం

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఇద్దరూ నా ప్రెజెంటేషన్ తెరవలేదు. ఎర్ర గీత అలాగే ఉండిపోయింది. నాలుగు మంచాల మాట ఇప్పుడు లేదు, ఉన్న రెండు కూడా విచారణ అయ్యేదాకా ఆగుతాయి. దానివల్ల ఆగిపోయే మనుషులు ఉన్నారు, వాళ్ళకు కబురు చేయాల్సింది విజయ్ కుమార్. ఇంతవరకు గుడ్డలు ఎవరెవరికి పోయాయో వెతకాలి. నాగరత్నమ్మ తనకు గుర్తున్నవన్నీ చెప్పింది, మిగతావి మసిగుడ్డలుగా వాళ్ళింట్లో ఉన్నవే, నిన్న నేను సంచుల్లో కట్టినవి. నన్ను పనికి దూరంగా ఉండమన్నారు. ఆమెను తీసేస్తామని గిరిప్రసాద్ గారు అన్నారు. ఆమెను తీస్తే నన్ను ముందు తీయాలని చెప్పాను. వింటారో లేదో తెలియదు.

పాపను డాక్టర్ ఐశ్వర్య చూసింది. మెడ దగ్గర పరికరం పెట్టి, పాప కదలకుండా స్రవంతి పట్టుకుంటే, చాలాసేపు కొలిచింది. పాప ఆ పరికరాన్ని పాలసీసా అనుకుని నోరు తెరిచింది.

“కొంచెం చేరింది,” అంది ఐశ్వర్య. “మందు వేయాల్సినంత లేదు. అయితే లేదని వదిలేయకూడదు. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి.”

“ఎన్నేళ్ళు?” అంది స్రవంతి.

“పెద్దయ్యేదాకా.”

బయట కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాం. నాగరత్నమ్మను లోపల ఇంకా ప్రశ్నలు అడుగుతున్నారు. ఖర్చంతా ఆసుపత్రే పెట్టుకుంటుందని చెప్పాను, నేను పెట్టిస్తానని. స్రవంతి తల ఊపింది. పాప ఆమె భుజం మీద నిద్రపోయింది. క్షమించమని అడగబోయాను.

ఆమే ముందు మాట్లాడింది. “అమ్మ మీ ఇంటికి గూడా ఒక మూట తెచ్చింది గదక్కా?”

“తెచ్చింది.”

“అది నువ్వు ఎప్పుడు తీసేసినావు?”

ఆమె గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

“బుధవారం,” అన్నాను. “తెలిసిన గంటలోనే.”

స్రవంతి పాపను ఆ భుజం మీది నుంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. లేచి, పోయి ఎదురు బెంచీ మీద కూర్చుంది.